పరిశుద్ధ దేశ యాత్ర (కృష్ణా డెల్టా)

పరిశుద్ధ దేశ యాత్ర అనగా బైబిలులో పేర్కొనబడిన స్థలాలను దర్శించుటకు క్రైస్తవులు బృందాలుగా చేసే ప్రయాణం. దీనిని జెరూసలేం యాత్ర, బైబిలు యాత్ర అని కూడా అంటారు. వాడుకలో హోలీ ల్యాండ్ టూరు అనే మాటే ఎక్కువ. ఇజ్రాయెల్, పాలస్తీనా, జోర్డాన్, ఈజిప్టులలోని స్థలాలు ఇందులో ముఖ్యమైనవి. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లాకు చెందిన మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమ ప్రాంతాల క్రైస్తవులు చేసే యాత్రలను గురించినది.

ముస్లిములకు హజ్ వలె ఈ యాత్ర క్రైస్తవులకు విధి కాదు. చేయకపోయినంత మాత్రాన దోషం లేదు. అయినను జీవితంలో ఒక్కసారైనా యెరూషలేము చూడవలెనన్న కోరిక ఈ ప్రాంతపు సంఘాలలో బలంగా ఉన్నది. ఒంటరిగా వెళ్ళేవారు అరుదు. సంఘ కాపరి వెంట ఒక బస్సుకు సరిపడేంత మంది కలిసి వెళ్ళుటయే ఆనవాయితీ.

నేపథ్యం

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్లేయులు మచిలీపట్నానికి వచ్చారు. 1843లో నోబుల్ స్థాపించిన పాఠశాలయే తరువాత నోబుల్ కళాశాల అయినది. 1852లో ఆ పాఠశాల విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం పొందినపుడు పట్టణంలో పెద్ద కలకలం రేగినది. అయితే డెల్టాలో క్రైస్తవం వ్యాపించినది అగ్రవర్ణాల పిల్లలు చదివిన ఆ బడి ద్వారా కాదు. 1860ల నుండి మాల, మాదిగ పల్లెల ద్వారా. తరువాత కెనడా బాప్టిస్టులు వుయ్యూరు, అవనిగడ్డలలో కేంద్రాలు ఏర్పరచుకున్నారు. 1937లో విజయవాడ కాథలిక్ మేత్రాసనం ఏర్పడినది. 1947లో ఆంగ్లికన్ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిసినవి. బ్రదరెన్, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు కూడా ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి.

ప్రొటెస్టంటు మిషనరీలు తీర్థయాత్రలను ప్రోత్సహించలేదు. దేవుని ఆరాధనకు ఒక కొండ గాని ఒక పట్టణం గాని అవసరం లేదని యేసు సమరయ స్త్రీకి చెప్పిన మాటలను (యోహాను సువార్త 4వ అధ్యాయం) వారు ఇందుకు ఆధారంగా చూపేవారు. కాని ఈ డెల్టా యాత్రల సీమ. దివిసీమలోని హంసలదీవి వద్ద సాగర సంగమ స్నానం, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనం, బందరు దగ్గర మంగినపూడి తీరంలో కార్తీక పౌర్ణమి స్నానం, పన్నెండేళ్ళకొకసారి కృష్ణా పుష్కరాలు ఇక్కడి జీవితంలో భాగం. కాథలిక్కులకు విజయవాడలోని గుణదల ఉన్నది. అక్కడ 1924లో మరియమాత విగ్రహం నెలకొల్పబడినది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే ఉత్సవాలకు ఇతర మతస్థులు కూడా వస్తారు. పొరుగువారందరూ యాత్రలకు బయలుదేరే ఊరిలో ప్రొటెస్టంటు కుటుంబాలకు మాత్రం యాత్రాస్థలం లేకపోయినది. యెరూషలేము ఆ లోటును తీర్చినదనుట తప్పు కాదు.

బైబిలు స్థలాల పేర్లు మాత్రం యాత్రలకు చాలా ముందే ఇక్కడికి చేరినవి. బేతేలు, సీయోను, హెబ్రోను, షారోను, బేతనియ వంటి పేర్లు గల ప్రార్థనా మందిరాలు డెల్టా పల్లెలలో సాధారణం. 1978లో విడుదలైన "కరుణామయుడు" చలనచిత్రం ద్వారా (యేసు పాత్రధారి విజయచందర్) ఆ దేశపు వీధులు, కొండలు, బట్టలు ఎలా ఉంటాయో అనే ఊహ కూడా ఏర్పడినది. పెద్ద వయసు యాత్రికులు కొందరు అసలు స్థలాన్ని ఆ చిత్రంతో పోల్చి చూచుకొనుట కద్దు.

యాత్రకు దారి

1948 నుండి 1967 వరకు యెరూషలేము పాత నగరం, బేత్లెహేము జోర్డాన్ ఆధీనంలోనూ, నజరేతు, గలిలయ ఇజ్రాయెల్‌లోనూ ఉండేవి. రెండు వైపులా చూడగోరిన యాత్రికులకు సరిహద్దు దాటుటయే పెద్ద సమస్య. 1967 జూన్ యుద్ధం తరువాత ఈ స్థలాలన్నీ ఇజ్రాయెల్ అధీనంలోకి వచ్చినవి. భారతదేశం 1950 సెప్టెంబరు 17న ఇజ్రాయెల్‌ను గుర్తించినప్పటికీ పూర్తి దౌత్య సంబంధాలు 1992 జనవరి 29న గాని ఏర్పడలేదు. అంతవరకు మన దేశంలో ఆ దేశానికి ఉన్నది బొంబాయిలోని కాన్సులేటు మాత్రమే. కనుక పెద్ద బృందాలుగా యాత్రలు సాగుటకు 1992ను మొదలుగా చెప్పుకొనవచ్చును. 1994 అక్టోబరు 26న ఇజ్రాయెల్, జోర్డాన్‌ల మధ్య శాంతి ఒప్పందం కుదరగా, అమ్మాన్‌లో విమానం దిగి యొర్దాను వంతెన దాటి వెళ్ళే మార్గం సుగమమైనది. గల్ఫ్ నగరాలలో విమానం మారి అమ్మాన్ చేరుట తెలుగు బృందాలకు అలవాటైన దారి. 2018 మార్చి 22న ఎయిర్ ఇండియా ఢిల్లీ నుండి టెల్ అవీవ్‌కు సౌదీ అరేబియా గగనతలం మీదుగా నేరు విమానం నడిపినది.

ఈ దారి అనేకసార్లు మూసుకుపోయినది కూడా. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా బేత్లెహేములోని క్రీస్తు జనన దేవాలయం మూతపడినది; ఆ నెలలోనే ఇజ్రాయెల్ విదేశీ యాత్రికుల రాకను నిలిపివేసినది. 2023 అక్టోబరు 7న మొదలైన యుద్ధం వలన సిద్ధమైన బృందాలు ఆగిపోయినవి. ఆ సంవత్సరమూ, 2024లోనూ బేత్లెహేములో క్రిస్మస్ బహిరంగ వేడుకలు జరగలేదు. 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం వచ్చినపుడు ఇజ్రాయెల్ గగనతలం కొన్ని దినాలు మూయబడినది. ఇటువంటి సమయాలలో యాత్రా సంస్థలు జోర్డాన్, ఈజిప్టులకు మాత్రమే గాని, ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల స్థలాలున్న టర్కీకి గాని బృందాలను తీసుకువెళ్తాయి. అయితే ముందుగా కట్టిన సొమ్ము సంగతి చిక్కులో పడుతుంది. డబ్బు కట్టేముందు వాయిదా, రద్దు షరతులను కాగితం మీద వ్రాయించుకొనుట అవసరం.

బృందం ఏర్పడే తీరు

ఈ ప్రాంతంలోని పాత మిషను సంఘాలలో పాస్టరును అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని పిలుస్తారు. యాత్ర మాట సాధారణంగా ఆదివారం ఆరాధన చివర ప్రకటనలలో అయ్యగారి నోటి నుండి మొదట వినబడుతుంది. ఒక సంఘంలో చాలినంత మంది కుదరరు గనుక గుడివాడ వారు, బందరు వారు, అవనిగడ్డ వైపు వారు ఒకే బృందంలో చేరుతారు. అందుచేత వేర్వేరు సంఘాలవారు ఒకే బస్సులో పది దినాలు గడుపుట జరుగుతుంది. ఊరిలో ఒకరి మందిరానికి ఒకరు వెళ్ళని వారికి ఇది కొత్త అనుభవం.

వెళ్ళేవారిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, నర్సులు, చిరుద్యోగులు ఎక్కువగా కనిపిస్తారు. పింఛను సొమ్ము, చీటీ పాడిన సొమ్ము, విదేశంలో ఉన్న కొడుకో కూతురో పంపిన సొమ్ము ఇందుకు ఆధారం. సార్వా పంట అమ్ముకొని చేతిలో డబ్బు ఆడే ఫిబ్రవరి, మార్చి నెలలు రైతు కుటుంబాలకు అనుకూలం. అక్కడి వాతావరణం కూడా అప్పుడు చల్లగా ఉండును. పైగా అవి శ్రమల దినములు (లెంటు) వచ్చే రోజులు.

తగినంత మందిని కూడగట్టిన నాయకునికి యాత్రా సంస్థలు ప్రయాణం ఉచితంగా ఇచ్చుట దేశమంతటా ఉన్న పద్ధతి. ఇందులో రహస్యమేమీ లేదు. కాని సంఘానికి ముందుగా చెప్పనిచోట తరువాత తగవులు వస్తాయి. నాయకుని పని తేలికైనది కాదు. మార్గదర్శి ఇంగ్లీషులో చెప్పినదానిని తెలుగులో చెప్పుట, ప్రతి స్థలంలో సంబంధిత వాక్యభాగం చదివించుట, మోకాళ్ళ నొప్పుల వారిని నడిపించుట, పచ్చడి సీసాలు తనిఖీలలో పోకుండా చూచుట అన్నీ ఆయనవే. వెళ్ళినవారందరినీ తిరిగి తీసుకువచ్చే బాధ్యత కూడా ఆయనదే. 2023 ఫిబ్రవరిలో కేరళ నుండి వెళ్ళిన ఒక బృందంలో కొందరు ఇజ్రాయెల్‌లో కనబడకుండా పోయినారు. వయసులో ఉన్నవారు ఒంటరిగా దరఖాస్తు చేసినపుడు పరిశీలన గట్టిగా ఉండుటకు ఇటువంటి సంఘటనలే కారణం. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షకులుగా పనిచేసే తెలుగువారు చాలామంది ఉన్నారు. తమ బంధువులు యాత్రకు వచ్చినపుడు వారు బసకు వచ్చి కలుసుకొని పోతారు.

యాత్రా మార్గం

బందరు, గుడివాడల నుండి బస్సులోనో రైలులోనో హైదరాబాదు చేరి అక్కడ విమానం ఎక్కుతారు. అమ్మాన్ మార్గంలో మొదట వచ్చేది మోషే వాగ్దత్త దేశాన్ని దూరం నుండి చూచిన నెబో కొండ. తరువాత యొర్దాను వంతెన వద్ద తనిఖీలు. ఇక్కడ గంటల తరబడి నిలబడవలసి రావచ్చును.

పేర్ల విషయంలో ఒక తికమక ఉన్నది. తెలుగు బైబిలు చదివినవారికి యెరికో, కపెర్నహూము, ఒలీవల కొండ, గెత్సేమనే తెలుసు. రహదారి ఫలకాల మీద ఉండేవి హీబ్రూ, అరబీ, ఇంగ్లీషు పేర్లు. మార్గదర్శి జెరికో అన్నపుడు యెరికో అని గ్రహించుట తేలికే గాని, అల్-ఖలీల్ అన్నది తమ ఊరి మందిరం పేరైన హెబ్రోనే అని తెలిసినపుడు ఆశ్చర్యపోతారు. ఒలీవల కొండ మీది పాటర్ నోస్టర్ దేవాలయంలో ప్రభువు నేర్పిన ప్రార్థన వందకు పైగా భాషలలో పలకల మీద వ్రాయబడి ఉన్నది. అందులో తెలుగు పలక కూడా కలదు. తెలుగు బృందాలు అక్కడ నిలిచి ఆ ప్రార్థనను బిగ్గరగా చదువుతాయి.

బేత్లెహేము పాలస్తీనా అథారిటీ పాలనలో ఉన్నందున యెరూషలేము నుండి తనిఖీ కేంద్రం దాటి వెళ్ళాలి. జనన దేవాలయం 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. దాని ద్వారం ఎంత చిన్నదంటే పెద్దలు వంగి గాని లోనికి పోలేరు. లోపలి గుహలో పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం యేసు జన్మస్థలాన్ని సూచిస్తుంది. ఒలీవ చెక్కతో చేసిన సిలువలను ఇక్కడే కొంటారు.

యెరూషలేములో సిలువ మార్గపు పద్నాలుగు స్థలాలను నడిచి పవిత్ర సమాధి దేవాలయం చేరుట కాథలిక్కులకు ముఖ్యం. ప్రొటెస్టంటులలో చాలామందికి గార్డెన్ టూంబ్ అనే తోట సమాధి నచ్చుతుంది. 1883లో బ్రిటిషు సేనాని చార్లెస్ గోర్డన్ ఆ ప్రక్కన ఉన్న గుట్టను గొల్గొతాగా భావించుట వలన ఆ స్థలం ప్రసిద్ధికెక్కినది. పురాతత్త్వ శాస్త్రజ్ఞులు ఎక్కువగా పవిత్ర సమాధి దేవాలయం వైపే మొగ్గుతారు. ధూపం, దీపాలు, జనసమ్మర్దం లేని తోటలో చెట్ల క్రింద కూర్చుని ప్రభు భోజనం తీసుకొనుట మాత్రం బాప్టిస్టు, బ్రదరెన్ యాత్రికులకు తమ మందిరంలో ఉన్నట్లే ఉంటుంది.

డెల్టా వారికి బాగా అర్థమయ్యేది గలిలయ. గలిలయ సముద్రం నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. కొల్లేరు ఎరిగిన గుడివాడ వారికి దీని పరిమాణం ఆశ్చర్యం కలిగించదు గాని, చుట్టూ కొండలు ఉండుట, ఆ కొండల నుండి దిగే గాలికి ఉన్నట్లుండి నీరు లేచుట వింతగా తోచును. నాగాయలంక, కోడూరు వైపు నుండి వచ్చిన వేటగాళ్ళు పడవను, వలను, నీటి లోతును గురించి ప్రశ్నలు వేస్తారు. 1986లో కరువు వలన సరస్సు వెనుకకు తగ్గినపుడు ఒండ్రులో బయటపడిన క్రీ.శ. మొదటి శతాబ్దపు పడవ గినోసార్‌లో ప్రదర్శనలో ఉన్నది. పొడవు 8.2 మీటర్లు, వెడల్పు 2.3 మీటర్లు. అనేక రకాల చెక్క ముక్కలతో పదేపదే మరమ్మతు చేయబడినది. పేదవాని పడవ అని చూడగానే తెలుస్తుంది. ఇప్పటి యాత్రికుల పడవ మీద మన జెండా ఎగురవేసి జనగణమన వినిపిస్తారు. ఒడ్డున పేతురు చేప పేరుతో వడ్డించేది తిలాపియా. చెరువులలో దానిని కలుపు చేపగా ఏరిపారవేసే డెల్టా రైతులు దాని ధర విని నవ్వుకుంటారు.

కానాలో దంపతులు పెండ్లి ప్రమాణాలను తిరిగి చేస్తారు. నజరేతులో దూత శుభవార్త చెప్పిన స్థలంలో 1969లో ప్రతిష్ఠింపబడిన పెద్ద దేవాలయం ఉన్నది. మృత సముద్రంలో తేలుట, ఆ బురద పూసుకొనుట యాత్రలో వినోదభాగం. ఈజిప్టును కూడా కలుపుకొనే బృందాలు సీనాయి కొండ (2,285 మీటర్లు) పాదాన గల సెయింట్ కేథరిన్ మఠానికి వెళ్తాయి. ఓపిక గలవారు అర్ధరాత్రి బయలుదేరి సూర్యోదయానికి శిఖరం చేరుతారు.

యొర్దాను

ప్రకాశం బ్యారేజీ వద్ద కిలోమీటరుకు పైగా వెడల్పున్న కృష్ణను చూచి పెరిగినవారు యొర్దాను నదిని చూచి ముందు నమ్మరు. బాప్తిస్మ స్థలమైన ఖస్ర్ అల్ యహూద్ వద్ద అది మన బందరు కాలువ కన్న చిన్నది. అవతలి ఒడ్డున జోర్డాన్ దేశపు యాత్రికులు పలకరించుకొనేంత దగ్గరగా ఉంటారు. 1967 తరువాత సైనిక ప్రాంతంగా, మందుపాతరల మధ్య మూతపడిన ఈ స్థలం 2011లో సాధారణ సందర్శకులకు తెరవబడినది. అవతలి ఒడ్డు (అల్ మగ్తస్) 2015లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. గలిలయ సరస్సు దక్షిణాన యార్దెనిట్ అనే మరొక స్థలం కలదు. అక్కడ తెల్లని అంగీలు అద్దెకిస్తారు.

ఇక్కడ మిశ్రమ బృందాలలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. బాప్తిస్మం ఒక్కసారే అని దక్షిణ ఇండియా సంఘం, లూథరన్, కాథలిక్ సంఘాలు బోధిస్తాయి; కనుక తిరిగి బాప్తిస్మం ఇచ్చుట వారికి నిషిద్ధం. శిశువుగా పొందిన బాప్తిస్మం చెల్లదని, నమ్మిన తరువాత ముంచి ఇచ్చినదే నిజమని బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల విశ్వాసం. యొర్దాను నీటిలో దిగవలెనన్న కోరిక మాత్రం అందరికీ ఉంటుంది. అనుభవం గల నాయకులు దీనిని ప్రమాణాల పునరుద్ధరణ అని ముందుగానే ప్రకటించి, నీటిలో మునిగినను బాప్తిస్మ వాక్యం పలకరు. అలా స్పష్టం చేయనిచోట, ఫలానావారు యొర్దానులో మరల బాప్తిస్మం తీసుకొన్నారట అనే మాట వారికన్న ముందే ఊరికి చేరును.

సీసాలలో తెచ్చిన యొర్దాను నీటిని కొందరు దాచుకుంటారు, కొందరు పిల్లల బాప్తిస్మానికి కలుపుతారు. దానికి ప్రత్యేక శక్తి లేదని బోధించే పాస్టర్లు కూడా అడిగినవారికి కాదనరు. తిరిగి వచ్చినవారు సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టి సాక్ష్యం చెప్పుట ఆచారం.

ప్రభుత్వ సహాయం

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం (ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి) జెరూసలేం, బేత్లెహేము యాత్రికులకు ఒక్కొక్కరికి రూ. 20,000 సహాయం ప్రకటించినది. తమిళనాడు ఇటువంటి పథకాన్ని 2011లో 500 మందికి ప్రకటించినది. తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ మొత్తం పెరిగినది. 2019 నవంబరు ఉత్తర్వుల ప్రకారం వార్షికాదాయం రూ. 3 లక్షల లోపు ఉన్నవారికి 40,000 నుండి 60,000కు, అంతకు మించినవారికి 20,000 నుండి 30,000కు పెంచబడినది. హజ్ యాత్రికులకు కూడా ఇదే విధంగా పెంచారు.

ప్రజాధనంతో మతయాత్రలు ఏమిటన్న విమర్శ మొదటి నుండి ఉన్నది. రాజ్యాంగం 27వ అధికరణం ఒక మత వ్యాప్తికై పన్ను విధించరాదని చెప్పుచున్నది. 2011 జనవరిలో సుప్రీం కోర్టు హజ్ సబ్సిడీ ఈ అధికరణానికి విరుద్ధం కాదని తీర్పు ఇచ్చినది. 2012 మేలో మాత్రం దానిని పదేళ్ళలో క్రమంగా ఎత్తివేయమని ఆదేశించినది. కేంద్రం 2018లో ఎత్తివేసినది. రాష్ట్రాల యాత్రా పథకాలు వేరు. క్రైస్తవులలో కూడా, యాత్రకిచ్చే సొమ్మును పల్లె పిల్లల చదువుకు ఇచ్చిన మేలు కదా అనేవారు ఉన్నారు.

ధ్రువపత్రం చిక్కు

ఈ సహాయం క్రైస్తవులకు ఉద్దేశింపబడినది గనుక దరఖాస్తుదారు తాను క్రైస్తవుడినని ప్రభుత్వానికి వ్రాసి ఇవ్వాలి. డెల్టాలో అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు (1956 నుండి), బౌద్ధులు (1990 నుండి) మాత్రమే షెడ్యూల్డు కులస్థులుగా పరిగణింపబడతారు. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులస్థులు, వారి సంతానం ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-సి వర్గంలో చేరతారు. వారికి రిజర్వేషను 1 శాతం; షెడ్యూల్డు కులాలకు 15 శాతం. అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ గాని, షెడ్యూల్డు కులాలకు కేటాయించిన పామర్రు వంటి శాసనసభ స్థానంలో పోటీచేసే హక్కు గాని వారికి ఉండదు. అందుచేత మూడు నాలుగు తరాలుగా ప్రార్థనా మందిరానికి వెళ్ళే కుటుంబాలు కూడా కాగితాల మీద హిందూ మాల, హిందూ మాదిగగా కొనసాగుట డెల్టా అంతటా ఎరిగిన విషయమే. దీనిని మోసమనేవారు ఉన్నారు. మతం మారినను పల్లె చివరి ఇల్లు మారలేదు, కూలి మారలేదు, కులం పేరు మారలేదు గనుక ఇది న్యాయమేననేవారు ఉన్నారు.

2022 అక్టోబరులో కేంద్రం ఈ ప్రశ్నను పరిశీలించుటకు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషను నియమించినది. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించినది. 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా ఉన్న వ్యక్తి చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నను అత్యాచారాల నిరోధక చట్టం క్రింద ఫిర్యాదు చేయజాలడని తీర్పు చెప్పినది. ఈ తీర్పు తరువాత యాత్రకు పోదలచిన పాస్టర్లే కాగితాల విషయంలో మరింత జాగ్రత్త పడవలసి వచ్చినది.

యాత్ర ఖర్చు లక్ష రూపాయలకు పైబడినపుడు రూ. 60,000 చిన్న సహాయం కాదు. దివిసీమలోని ఒక వ్యవసాయ కూలీ కుటుంబానికి అది దొరికితేనే యాత్ర ఊహించదగినది. అయితే ఆ దరఖాస్తు మీద సంతకం చేసిన తండ్రి, కొడుకు కాలేజీ సీటునో కుమార్తె ఉద్యోగాన్నో తలచుకొని వెనుకాడతాడు. పూర్వం నుండి బి.సి.-సి ధ్రువపత్రం తీసుకొన్నవారికి, ఇతర కులాల నుండి వచ్చిన క్రైస్తవులకు ఈ భయం లేదు. పాస్‌పోర్టులో మతం వ్రాయరు గనుక సొంత సొమ్ముతో వెళ్ళేవారిని ఎవరూ అడగరు. అందుచేత సహాయానికి అర్హత గల కొందరు దానిని కోరక, వడ్డీకి అప్పు తెచ్చుకొని యెరూషలేము వెళ్ళి వస్తారు.